తప్పు ఎక్కడున్నది? – యంత్రం చెప్పవలసిన తీరు

కంప్యూటరు విద్యను గురించి కళాశాల పత్రికల్లో వచ్చే వ్యాసాలు సామాన్యంగా యంత్రపు వేగాన్ని, దాని జ్ఞాపకశక్తిని, రానున్న ఉద్యోగావకాశాలను వర్ణిస్తాయి. నేనిక్కడ అంతకన్న చాలా చిన్న విషయాన్ని తీసుకుంటున్నాను. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములో ఒక కుండలీకరణమో, ఒక సెమికోలనో లోపించినప్పుడు యంత్రం ఆ లోపాన్ని ఏ మాటలతో చెప్పాలి అన్నదే ఆ విషయం. చిన్నదే గాని, మన జిల్లాల విద్యార్థి విషయంలో దీని ఫలితం చిన్నది కాదని నా అభిప్రాయం. పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివి, డిగ్రీలో చేరిన తరువాత మొదటిసారిగా కంప్యూటరు ముందు కూర్చున్న కర్నూలు, కడప పల్లెల పిల్లలకు యంత్రం పలికే తొలి పలుకు "సింటాక్స్ ఎర్రర్". ఇంటికి పోయి అడుగుదామంటే చెప్పగల అన్నలు, అక్కలు చాలా ఇళ్లలో లేరు. ఆ రెండు మాటలను ప్రోగ్రామును గురించిన వార్తగా గాక తమ తెలివిని గురించిన తీర్పుగా తీసుకొని, ఈ విద్య మనకు అబ్బేది కాదని మొదటి సెమిస్టరులోనే మనసు విరుచుకునేవారు లేకపోలేదు. కావున ఆ వార్తను వ్రాసే పద్ధతి ఒక విద్యావిషయమే అవుతుంది.

ముందుగా పార్సర్ అనగా ఏమిటో రెండు మాటలు. మనం వ్రాసిన ప్రోగ్రామును కంపైలర్ మొదట చిన్న చిన్న గుర్తులుగా విడగొడుతుంది. పేర్లు, అంకెలు, కూడిక గుర్తులు, కుండలీకరణాలు వేరువేరవుతాయి. ఆ గుర్తుల వరుస ఆ భాష వ్యాకరణానికి ఒదుగుతున్నదా లేదా అని ఎడమనుండి కుడికి చదువుతూ పరిశీలించే భాగమే పార్సర్. ఇట్టి వ్యాకరణాన్ని సూత్రాలుగా వ్రాసే పద్ధతిని 1959లో జాన్ బాకస్ ప్రతిపాదించగా, పీటర్ నౌర్ సంపాదకత్వంలో వెలువడిన 1960 నాటి ఆల్గాల్ నివేదిక దానిని ప్రపంచానికి పరిచయం చేసింది. ఈ పద్ధతికి మూలరూపం మన పాణిని సూత్రాల్లోనే ఉన్నదనీ, దీనికి పాణిని పేరు కూడ చేర్చవలెననీ 1967లో పీటర్ ఇంగర్మన్ ఒక లేఖ వ్రాశాడు. మనవారు ఈ సంగతిని సభల్లో తరచుగా గర్వంతో చెబుతారు. చెప్పనీయండి. అయితే వ్యాకరణం సాధురూపాన్ని నిర్ణయిస్తుందే గాని, అసాధువైన వాక్యాన్ని వ్రాసినవాడికి ఏమని చెప్పాలో చెప్పదు. ఆ పని సూత్రకారునిది కాదు, ఉపాధ్యాయునిది. కంప్యూటరు శాస్త్రంలోను మొదటిదానికి దక్కిన గౌరవం రెండవదానికి చాలాకాలం దక్కలేదు.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవటానికి తెలుగు విద్యార్థికి చేతిలోనే ఒక సాధనమున్నది. అది ఛందస్సు. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ అను గణాలుంటాయని, ఇరువది అక్షరాలుంటాయని, పదవ అక్షరం యతిస్థానమని మనం ఇంటర్మీడియట్ నాటికే వల్లె వేసియున్నాము. ఒక లేఖకుడు పద్యాన్ని ఎత్తి వ్రాస్తూ మూడవ గణమైన న గణంలో ఒక లఘువును జారవిడిచాడనుకుందాం. అచ్చట ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో మూడు లఘువులుండాలి. ఇప్పుడు రెండే మిగిలినవి. గణవిభజన చేసుకుంటూ పోయే మనిషికి ఏడవ స్థానంలో లఘువే కనిపిస్తుంది, ఎనిమిదవ స్థానంలోనూ లఘువే కనిపిస్తుంది. తొమ్మిదవ స్థానానికి వచ్చేసరికి లఘువు ఉండవలసిన చోట గురువు ఎదురవుతుంది. అక్కడ అతడు ఆగిపోతాడు. తప్పు దొరికిన చోటు తొమ్మిదవ అక్షరం. మరి తప్పు జరిగిన చోటు? జారిపోయినది మొదటి లఘువో, రెండవదో, మూడవదో ఛందస్సు చెప్పలేదు. ఈ మూడింటిలో ఏది పోయినా పాఠకుడు ఆగేది అదే తొమ్మిదవ అక్షరం వద్దనే. యతి అక్షరం ఒక స్థానం ముందుకు జరిగి రావటం, పోయినది అంతకు ముందే పోయినదనటానికి రెండవ సాక్ష్యం. ఆపైన ఏ మాట తెగినదో అర్థం చూచి పండితుడు నిర్ణయించాలి.

పార్సర్ స్థితి సరిగా ఇదే. 1965లో డొనాల్డ్ నూత్ వర్ణించిన పార్సింగ్ పద్ధతికి ఒక గొప్ప గుణమున్నది: ఎడమనుండి చదువుతూ, ఇంతవరకు వచ్చినదానికి వెనుక ఏమి చేర్చినా ఇక సరియైన ప్రోగ్రాము కాజాలదని తేలిన మొట్టమొదటి గుర్తు వద్దనే అది ఆగుతుంది. అంతకన్న త్వరగా తప్పు పట్టటం ఎడమనుండి కుడికి చదివే ఏ యంత్రానికీ సాధ్యం కాదు. కాని ఆ గుర్తే తప్పు అని చెప్పటానికి యంత్రానికి హక్కు లేదు. "ఇక్కడ నేను ఆగిపోయాను" అన్నది ఒక మాట, "ఇక్కడ నీవు తప్పు చేశావు" అన్నది వేరొక మాట. మొదటిది ఎల్లప్పుడు నిజం. రెండవది చాలాసార్లు అబద్ధం. దోషసూచనల్లోని గందరగోళంలో సగం ఈ రెండింటిని ఒకటిగా కలిపివేయటం వల్ల పుట్టినదే.

మన ప్రాంతపు రైతుకు ఈ భేదం ఎవరూ నేర్పనక్కరలేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి కడప దాకా పోయే కె.సి. కెనాలు కింద చివరి ఆయకట్టులో నీరు రాకపోతే, తన పొలం వద్ద కాలువ తెగినదని ఏ రైతూ అనుకోడు. తెలిసినది తన పొలంలో, తెగినది ఎగువన ఎక్కడో. కట్ట పట్టుకొని పైకి నడుస్తాడు.

కడపతో విడదీయరాని పేరైన చార్లెస్ ఫిలిప్ బ్రౌనును ఇక్కడ తలచుకోవటం అప్రస్తుతం కాదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఆయన తరువాత తెలుగు గ్రంథాల తాళపత్రాలను, వ్రాతప్రతులను సేకరించి, తన ఖర్చుతో పండితులను నియమించి, ఒక ప్రతిని మరొక ప్రతితో సరిపోల్చించి శుద్ధప్రతులు తయారు చేయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. పాఠపరిష్కరణ అన్నది మూలంలో తప్పును వెదకి పట్టటమే గదా. గణం చెడినదని చెప్పటం ఆ పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఏ ప్రతిలో ఏమున్నదో పక్కపక్కన పెట్టి చూపితేనే చదువరికి నిర్ణయించే వీలు కలుగుతుంది. ఆధారం చూపకుండ "ఇది దోషం" అని గీటు పెట్టి విడిచిన పరిష్కర్తను ఎవరూ గౌరవించరు. కంపైలర్ విషయంలో మాత్రం అట్టి గీటునే మనం దశాబ్దాలుగా సహించాము.

ఒక ఉదాహరణ చూద్దాం. పైథాన్ భాషలో పేర్లను తెలుగు లిపిలోనూ వ్రాసుకొనవచ్చును గనుక ఉదాహరణ తెలుగులోనే ఇస్తున్నాను.

మొత్తం = (10 + 20 * 3
సగటు = మొత్తం / 2

మొదటి పంక్తిలో తెరచిన కుండలీకరణం మూయబడలేదు. పైథాన్‌లో కుండలీకరణం తెరచియుండగా పంక్తి ముగింపుకు లెక్క లేదు. కావున పార్సర్ రెండవ పంక్తిలోకి నడచి, 3 అను అంకె వెనుకనే "సగటు" అన్న పేరును చూచి అక్కడ ఆగుతుంది. 3.8 వరకు వచ్చిన పైథాన్ వెర్షన్లు ఆ రెండవ పంక్తి కింద బాణం గుర్తు పెట్టి "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అని ఊరకుండేవి. విద్యార్థి రెండవ పంక్తిని పదిమార్లు చదివేవాడు. అందులో తప్పు లేదు గనుక ఎన్ని మార్లు చదివినా దొరికేది కాదు. 2020లో 3.9 వెర్షన్‌తో పైథాన్‌కు కొత్త పార్సర్ వచ్చింది. 2021లో వచ్చిన 3.10 వెర్షన్ ఇదే ప్రోగ్రామును చూచి, మొదటి పంక్తిలోని కుండలీకరణాన్నే చూపుతూ, ఇది ఎన్నడూ మూయబడలేదని చెబుతుంది. వ్యాకరణం మారలేదు, ప్రోగ్రాము మారలేదు. చెప్పే తీరు మారింది, అంతే.

ఈ మార్పుకు కావలసిన యుక్తి పెద్దదేమీ కాదని మన విద్యార్థులు గమనించాలి. గుర్తులను విడగొట్టేటప్పుడే ప్రతి గుర్తుతో పాటు అది ఏ పంక్తిలో, ఎన్నవ స్థానంలో ఉన్నదో వ్రాసి పెట్టుకోవాలి. తెరచే కుండలీకరణం వచ్చినపుడల్లా దానిని స్థానంతో సహా ఒక దొంతరలో పైన పెట్టాలి. మూసేది వచ్చినపుడు పైనున్నదాన్ని తీసివేయాలి. నడక ఆగిపోయిన క్షణంలో దొంతరలో ఏదైన మిగిలి ఉంటే, అసలు దోషం అక్కడే ఉండే అవకాశమున్నది. ఇంతటి చిన్న పనిని పాతవారు ఎరుగక కాదు. మన రాష్ట్రపు కళాశాలల్లో చాలాకాలం రాజ్యమేలిన టర్బో సి కంపైలర్ 1987 నాటిది. అందులో వ్యాఖ్యానాన్ని తెరచి మూయటం మరచినచో, ఫలానా పంక్తిలో మొదలైన వ్యాఖ్యానం ముగియకముందే ఫైలు అయిపోయినదని చక్కగా మూలస్థానంతో చెప్పేది. అదే కంపైలర్ సెమికోలన్ లోపిస్తే మాత్రం "స్టేట్‌మెంట్ మిస్సింగ్" అంటూ, దోషం లేని తరువాతి పంక్తిని వెలిగించి చూపేది. ఒకే ఇంటిలో ఒక గదికి దీపముండి మరొక గదికి లేనట్టు. మన ప్రయోగశాలల్లో "పై పంక్తి చూడు" అన్న మాట ఒక సామెతగా స్థిరపడినది దీనివల్లనే. సీనియర్లు జూనియర్లకు వారసత్వంగా ఇచ్చిన ఈ మాటను కంపైలరే చెప్పి ఉండవచ్చును.

మరొక సంగతి. ఒక్క కుండలీకరణం లోపిస్తే తెరనిండ ముప్పై దోషాలు వచ్చి పడటం అందరికీ అనుభవమే. ఇందుకు చారిత్రక కారణమున్నది. 1960ల్లో ప్రోగ్రాములను కార్డులపై రంధ్రాలుగా పొడిచి కంప్యూటరు కేంద్రంలో ఇచ్చి వచ్చేవారు. ఫలితం గంటల తరువాతనో మరునాడో చేతికందేది. అట్టి కాలంలో మొదటి దోషం వద్దనే ఆగి ఊరకుండే కంపైలర్ అక్షరాలా ఒక దినాన్ని వృథా చేసేది. అందుచేత ఒక దోషం దొరికిన తరువాత కొంత భాగాన్ని దాటవేసి, తరువాతి సెమికోలన్ వద్ద తేరుకొని, చదువు కొనసాగించే పద్ధతులు పుట్టాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కాన్వే, విల్కాక్స్ అనువారు 1973లో వర్ణించిన పి.ఎల్./సి కంపైలర్ ఇంకా ముందుకు పోయి, దోషాలను తానే ఏదో విధంగా సవరించి విద్యార్థి ప్రోగ్రామును నడిపించేసేది. ఆ కాలానికి అది మేలే. నేడు ప్రోగ్రామును మరల నడపటానికి రెండు క్షణాలు పట్టదు. ఇప్పుడు మొదటి దోషాన్ని ఒక్కటే స్పష్టంగా చెప్పి ఆగే కంపైలరే ప్రారంభకునికి ఎక్కువ ఉపకారి. తేరుకొనే ప్రయత్నంలో పుట్టే ఇరవైతొమ్మిది దోషాలు ప్రోగ్రాములోనివి కావు, పార్సర్ తడబాటులోనివి. పాఠ్యపుస్తకాలు మాత్రం దోషాలనుండి తేరుకొనటాన్ని గురించి పుటలకు పుటలు వ్రాసి, దోషాన్ని చెప్పే మాటలను గురించి ఒక పేరాతో సరిపెడుతున్నవి. పరీక్షలో ప్రశ్న కూడ దానిమీదనే వస్తుంది గనుక విద్యార్థిని అనవలసిన పని లేదు.

పార్సర్‌ను చేతితో వ్రాయక, వ్యాకరణాన్ని ఇస్తే పార్సర్‌నే తయారు చేసి ఇచ్చే పరికరాలు వచ్చిన తరువాత ఈ ఉపేక్ష మరింత పెరిగింది. 1975లో బెల్ ప్రయోగశాలల్లో స్టీఫెన్ జాన్సన్ వెలువరించిన యాక్ అట్టి పరికరాల్లో ప్రసిద్ధమైనది. మనం వేరుగా ఏర్పాటు చేసుకోనంతవరకు అది చెప్పే దోషసూచన ఒక్కటే, "సింటాక్స్ ఎర్రర్". ప్రపంచమంతటా వేలాది పరికరాలు అదే మాటను వల్లించటానికి ఇది ఒక కారణం. తరువాతి కాలంలో జీసీసీ కంపైలర్ వారు సి++ భాషకు 2004లోను, సి భాషకు 2006లోను ఆ పద్ధతిని విడిచి, చేతితో వ్రాసిన పార్సర్‌కు మారారు. చేతితో వ్రాసినచో తెలిసే లాభమేమిటంటే, నడక ఏ సందర్భంలో ఆగినదో ఆ సందర్భం పేరు అచ్చటనే చేతిలో ఉంటుంది. ఫంక్షను పిలుపులో ఆగామా, పట్టికలో ఆగామా అన్నది చెప్పవచ్చును.

పరికరాలు చేసిన పార్సర్లలో మరొక వింత ఉన్నది. గుర్తులకు పార్సర్ కర్తలు తమ సౌకర్యం కొరకు పెట్టుకున్న లోపలి పేర్లు బయటకు కారి వస్తుంటాయి. పి.హెచ్.పి. భాషలో రెండు జంటచుక్కల గుర్తు :: తప్పుచోట వస్తే యంత్రం "టీ పామాయిమ్ నెకుదోతాయిమ్" అనేది. లోకమంతా తెల్లబోయింది. దానిని తయారు చేసిన ఇజ్రాయెల్ యువకులు తమ హీబ్రూ మాతృభాషలో "రెండుమార్లు రెండు చుక్కలు" అని పెట్టుకున్న పేరది. మన ఉర్దూ విద్యార్థులకు అందులోని "నెకుదా" తమ "నుఖ్తా"కు దగ్గరి మాటగా వెంటనే తోచవచ్చును. తరువాత ఆ సందేశం పక్కన గుర్తును కూడ చూపుతూ వచ్చారు. లోకం నవ్వుకున్నది గాని, ఇంగ్లీషు రాని మన పల్లె విద్యార్థికి "అనెక్స్‌పెక్టెడ్ టోకెన్" అన్న మాట ఆ హీబ్రూ మాటకన్న ఏమంత దగ్గరిది?

ఇక యంత్రం ఊహించి సలహా ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చును, అయితే ఊహను ఊహగానే చెప్పాలి. పైథాన్ కొత్త వెర్షన్లు కొన్ని సందర్భాల్లో "బహుశా కామా మరచినారేమో" అని అడుగుతాయి. ఆ "బహుశా" అన్న మాటకు నేను చాలా విలువ ఇస్తాను. అది లేకపోతే విద్యార్థి యంత్రం చెప్పినదే వేదమని కామా పెట్టి, మరొక దోషాన్ని తెచ్చుకుంటాడు. వ్యాకరణానికి అందని తప్పులూ ఉంటాయని కూడ గుర్తుంచుకోవాలి. పాత ఫోర్ట్రాన్‌లో మాటల నడుమ ఖాళీలకు లెక్క లేదు. ఒక పనిని 1 నుండి 10 వరకు మరల మరల చేయమని "డు" ఆజ్ఞలో వ్రాయబోయి, 1,10 అనుటకు బదులు 1.10 అని చుక్క పెడితే, ఆ పంక్తి మొత్తం ఒక కొత్త పేరుకు 1.10 అన్న విలువను ఇచ్చే సాధువాక్యంగా మారిపోయేది. పార్సర్ ఏమీ అనదు. కావున దోషసూచనలు ఎంత మంచివైనా గురువు పని పూర్తిగా తప్పదు.

ఇప్పుడు మన రెండు భాషలకు సంబంధించిన చిక్కుకు వస్తాను. దీనిని గురించి పాశ్చాత్య గ్రంథాలు తక్కువగా మాట్లాడతాయి గనుక మనమే మాట్లాడాలి. దోషస్థానాన్ని "ఇన్నవ అక్షరం" అని చెప్పేటప్పుడు అక్షరమంటే ఏమిటి? "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం అను ఆరు సంకేతాలు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో నిల్వ చేసినచో పద్దెనిమిది బైట్లు. బైట్లు లెక్కపెట్టే కంపైలర్ ఆ మాట తరువాత వచ్చిన దోషాన్ని పంతొమ్మిదవ స్థానమంటుంది, సంకేతాలు లెక్కపెట్టేది ఏడవ స్థానమంటుంది, విద్యార్థి కంటికి అది రెండవ అక్షరం. సంకేతానికొక ఖాళీ చొప్పున విడిచి కింద బాణం గుర్తు పెట్టే పద్ధతిలో, తెలుగు వ్రాత ఉన్న పంక్తి కింద బాణం దోషాన్ని దాటి కుడివైపుకు జరిగిపోయి, దేనిని చూపుతున్నదో తెలియని చోట నిలుస్తుంది. సంఖ్యకన్న ఆ మాటనే తిరిగి వ్రాసి చూపటం ఇట్టిచోట్ల మేలు.

కంటికి కనబడని గుర్తుల సంగతి మరీ విచిత్రం. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో ట కింద వ ఒత్తుగా చేరకుండ ఉండేందుకు మనం టైపు చేసే విడదీత గుర్తుకు వెడల్పు లేదు, రూపమూ లేదు. అది ఒక పేరులో ఉంటే పైథాన్ 3.8 "పేరులో చెల్లని అక్షరమున్నది" అని మాత్రమే చెప్పేది. ఏ అక్షరమో చెప్పేది కాదు. విద్యార్థి చూస్తే అన్నీ చెల్లే అక్షరాలే. నోట్సు ఫైలునుండి ఎత్తి అతికించిన ప్రోగ్రాములో వంపు కొటేషను గుర్తులున్నా ఇదే బాధ. తరువాతి వెర్షన్లు ఆ వంపు గుర్తునే చూపి, దాని యూనికోడ్ సంఖ్యను కూడ ఇస్తున్నవి.

ఉర్దూ విద్యార్థి కష్టం ఇంకొక మెట్టు పైది. ఉర్దూ కీబోర్డుపై కామా ، సెమికోలన్ ؛ వేరు. సి ప్రోగ్రాములో పొరపాటున ఆ సెమికోలన్ పడితే జీసీసీ చాలా ఏళ్లపాటు, దారితప్పి వచ్చిన \330 అనీ, మరల \233 అనీ రెండు దోషాలు చెప్పేది. అవి ఆ ఒక్క గుర్తు తాలూకు రెండు బైట్ల అష్టాంశ సంఖ్యలు! మనిషితో మాట్లాడే తీరేనా అది? "ఇక్కడ ఉర్దూ సెమికోలన్ ఉన్నది, ఇంగ్లీషు సెమికోలన్ కావాలి" అనటానికి ఒక చిన్న పట్టిక చాలును. ఇక కుడినుండి ఎడమకు నడిచే ఉర్దూ మాట, ఎడమనుండి కుడికి నడిచే ప్రోగ్రాము పంక్తిలో చేరితే, తెరపై కనబడే వరుస వేరు, పార్సర్ చదివే వరుస వేరు. బాణం గుర్తు చూపినది ఒకటి, దోషం మరొకటి. దిశను మార్చే ఇట్టి అదృశ్య సంకేతాలతో ప్రోగ్రాము ఒకటి చేస్తూ మరొకటి చేస్తున్నట్టు కనబడేలా వ్రాయవచ్చునని 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు బౌచర్, ఆండర్సన్ అనువారు చూపారు. రస్ట్ కంపైలర్ వెంటనే అట్టి సంకేతాలను పట్టి ఆపే ఏర్పాటు చేసింది. మంచిదే. అయితే ఆ సంకేతాలు ఉర్దూ, అరబీ వ్రాసేవారికి కొన్నిచోట్ల అవసరమయ్యేవి కూడ. వారిని అనుమానితులుగా చూడక, ఏ సంకేతం ఎందుకు ఆపబడినదో చెప్పటం న్యాయం.

దోషసూచనలను మెరుగు పరచినంత మాత్రాన విద్యార్థి బాగుపడతాడా అని అడిగేవారికి ఆధారం లేకపోలేదు. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో డెన్నీ బృందం 2014లో జరిపిన పరిశీలనలో, విపులమైన సూచనలు విద్యార్థులకు చెప్పుకోదగిన మేలు చేసినట్టు కనబడలేదు. 2016లో డబ్లిన్‌కు చెందిన బెకర్ ప్రకటించిన పరిశోధనలో మేలు కనబడింది. నా దృష్టిలో ఈ రెంటికీ విరోధం లేదు. "విపులం" వేరు, "స్పష్టం" వేరు. రెండు మాటల చోట పది పంక్తుల ఉపన్యాసం పెడితే ఎవరు చదువుతారు? 2017లో కంటి కదలికలను కొలిచి చూచిన మరొక పరిశోధనలో, ప్రోగ్రామర్లు దోషసూచనలను చదువుతూనే ఉన్నారనీ, వాటిని చదవటం ప్రోగ్రామును చదివినంత కష్టంగా ఉన్నదనీ తేలింది. చదవటం లేదని విద్యార్థిని నిందించే ఉపాధ్యాయులు ఈ విషయం గమనించాలి. అక్కడ ఉన్నవారు ఇంగ్లీషు బాగా ఎరిగినవారు. మన సంగతి చెప్పనే అక్కరలేదు.

దోషసూచనలను తెలుగులోకి, ఉర్దూలోకి పూర్తిగా మార్చివేయవలెనని నేను అనటం లేదు. మార్చివేస్తే విద్యార్థి ఆ మాటను పట్టుకొని ఇతరుల సాయం వెదకే దారి మూసుకుపోతుంది. ఉద్యోగంలో ఎదురయ్యేది ఇంగ్లీషు మాటే. మూలవాక్యాన్ని అట్లే ఉంచి, దాని కింద మన భాషలో ఒక్క పంక్తి అర్థం ఉండాలి. రస్ట్‌లో చాలా దోషాలకు ఉన్నట్టు ప్రతి దోషానికీ ఒక సంఖ్య ఉంటే ఈ పని మరీ సుళువు. అనువాదంలో సంస్కృత సమాసాల వెంట, పారసీ పదబంధాల వెంట పడరాదు. "అనపేక్షిత సంకేత సంప్రాప్తి" అని వ్రాస్తే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. నేనైతే పై ఉదాహరణకు ఇట్లు వ్రాస్తాను: "రెండవ పంక్తిలో 'సగటు' వద్ద ఆగిపోయాను, ఇక్కడ కొత్త పేరు రాకూడదు. మొదటి పంక్తిలో తెరచిన ( ఇంకా మూయలేదు. బహుశా 3 తరువాత ) రావాలేమో." ఇందులో ఆగిన చోటు, కారణం, అనుమానం మూడూ వేరువేరుగా ఉన్నాయి.

కళాశాల కార్యవర్గ సభ్యులకు, అధ్యాపకవర్గానికి నా మనవి కొంత ఉన్నది. మొదటిది ఖర్చు లేనిది. ప్రయోగశాల యంత్రాల్లో పాత కంపైలర్లు ఎక్కడైన మిగిలి ఉంటే, మొదటి సంవత్సరపు విద్యార్థులకైన వాటిని తీసివేసి కొత్తవి పెట్టించాలి. జీసీసీ, పైథాన్ రెండూ ఉచితంగా లభించేవే. పాఠ్యప్రణాళిక మారలేదన్నది దీనికి అడ్డు కారాదు, ఏలనన ప్రణాళిక భాషను చెప్పింది గాని కంపైలర్ వయస్సును చెప్పలేదు. రెండవది, చివరి సంవత్సరంలో లెక్కల సమాసాన్ని చదివే చిన్న పార్సర్‌ను వ్రాయించటం చాలాచోట్ల వాడుక. సరియైన లెక్క ఇస్తే సరియైన ఉత్తరం వచ్చినదా అని మాత్రమే చూచి మార్కులు వేస్తున్నాము. ఇరవై మార్కుల్లో ఎనిమిది మార్కులు, తప్పు లెక్క ఇచ్చినపుడు అది ఏమి చెప్పినదన్నదానికి కేటాయించాలి. పరీక్షకుడు కావాలని అయిదారు తప్పు లెక్కలు ఇవ్వాలి: మూయని కుండలీకరణం ఒకటి, వరుసగా రెండు గుణకార గుర్తులు, ఖాళీ పంక్తి, ఉర్దూ కామా ఒకటి, తెలుగు మాట వెనుక దోషం ఒకటి. వచ్చిన సూచనను మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకరికి చూపి, తప్పును దిద్దగలిగాడా లేదా చూడాలి. దిద్దితేనే మార్కు.

మూడవది తెలుగు, ఉర్దూ శాఖల పెద్దలు పూనుకుంటే ఒక వేసవిలో అయ్యే పని. మొదటి సంవత్సరపు ప్రయోగాల్లో తరచుగా ఎదురయ్యే దోషసూచనలు నలభై యాభైకి మించవు. కంప్యూటరు విద్యార్థులు వాటిని ఏరి వ్రాసి ఇస్తే, భాషాశాఖలవారు ఒక్కొక్కదానికి ఒక పంక్తి తెలుగు, ఒక పంక్తి ఉర్దూ వ్రాసి ఇవ్వగలరు. ఆ పట్టికను రెండు పుటల్లో అచ్చు వేయించి ప్రయోగశాల గోడకు అంటించవచ్చును, వచ్చే సంచికలో ప్రకటించవచ్చును. తెలుగు శాఖవారు ఉత్పలమాలలో జారిన లఘువును పట్టటం ఎరిగినవారే గనుక, ఏ మాట ఎక్కడ పెట్టాలో వారికి నేను చెప్పవలసిన పని లేదు.